గోడవైపు తిప్పని బొట్టు

నిన్న సాయంత్రం సిద్దిరాములు గానుగ స్విచ్చి దించి, దాని డబ్బాకు తాళం వేసి, తాళంచెవిని రుమాలు కొసకు ముడేసుకొని ఇంటికి పోయాడు కదా. ఊరికే పోలేదు. గడప దాటేముందు వెనక్కి తిరిగి ఒక మాట పడేసి పోయాడు. ఆ మాట భీమవ్వ చెవిలో దోమలా తిరుగుతూనే ఉంది. "గానుగకు దొంగ తీగ గుంజినవ్ వదినె" అన్నాడు.

ఈ కథలోకి ఇప్పుడే వచ్చినవాళ్ల కోసం రెండు ముక్కలు చెప్పి ముందుకు పోదాం. బోధన్ నుంచి మోస్రా పోయే దారిలో ఒక రేకుల షెడ్డు ఉంది. అందులో ఒక పక్క భీమవ్వ బెల్లం గానుగ, ఇంకో పక్క ఆమె మరిది సిద్దిరాములు పసుపూ కారమూ పట్టే గిర్ని. షెడ్డు ఒకటే, కరెంటు కనెక్షను ఒకటే. బయట స్తంభానికి ఉన్న ఆఫీసువాళ్ల మీటరు ఇద్దరి వాడకాన్నీ కలిపి చూపిస్తుంది. లోపల ఎవరిది ఎంతో తెలియడానికి వదినా మరిదీ చెరొక సొంత మీటరు పెట్టుకున్నారు. భీమవ్వ భర్త పోయిన తర్వాత కూడా ఈ ఏర్పాటుకు ఏ ఇబ్బందీ రాలేదు. ఈ చెరకు సీజనులోనే వచ్చింది. ఒప్పుకున్న లోడు దాటి వాడుతున్నారని, ఇలాగే నడిస్తే కనెక్షను కోస్తామని నోటీసు అందింది. తీరా చూస్తే లోపలి రెండు మీటర్లనూ కలిపినా బయటి మీటరు చూపేదానిలో సగానికి కాస్త పైన, అంతే. మిగతాది ఎటు పోతోంది? గిర్ని మీటరు చీమలా నడుస్తోంది, గానుగ మీటరు గుర్రంలా ఉరుకుతోంది కాబట్టి ఆ మిగతాది కూడా గానుగే తింటోందని సిద్దిరాములు తేల్చేశాడు.

తేల్చడమే కాదు, తెల్లవారేసరికి ట్రాక్టరు నిండా ఇటుకలు తెప్పించి షెడ్డు ముందు దింపించాడు. నడిమధ్య గోడ కడతాడట. ఎవరి కనెక్షను వాళ్లు తెచ్చుకోవాలట. మేస్త్రీ అప్పటికే దారం పట్టుకొని వచ్చి, ఇంటి గొడవ తనకు సంబంధం లేదన్నట్టు ఇటుకల మీద కూర్చొని చాయ్ తాగుతున్నాడు.

భీమవ్వ గోడను కూడా ఓర్చుకునేదేమో. ఆమెను కాల్చేస్తున్నది ఎదురుగా పడి ఉన్న చెరకు. రైతు దేవన్న రెండు బండ్ల చెరకు కొట్టించి తెచ్చి గానుగ ముందు పోశాడు. కొట్టిన చెరకు ఆగదు. ఎండకు రసం తగ్గుతుంది, పులుపెక్కుతుంది, ఆ రసాన్ని ఎంత కాచినా బెల్లం అచ్చు కట్టదు, జిగురుగా మిగిలిపోతుంది. మధ్యాహ్నం లోపల గానుగ తిరగకపోతే బండ్లు మళ్లీ కట్టి వర్ని వైపు వేరే గానుగకు తోలుకుపోతానని దేవన్న మెత్తగానే చెప్పాడు. మెత్తగా చెప్పాడు కాబట్టే భీమవ్వకు భయం వేసింది. ఒక్క రైతు బండి తిప్పితే వెనకవాళ్లంతా తిప్పుతారు. గానుగ ఈ ఏడుతో సరి.

ఇంతలో సుమన స్కూటీ వచ్చి ఆగింది. సుమన బోధన్ కరెంటు ఆఫీసులో ఇంజనీరు. నోటీసు మీద తనిఖీకి వచ్చింది. ముప్పై దాటని పిల్ల, భుజానికి సంచీ, తలకు హెల్మెటు, దాని కింద చుట్టుకున్న చున్నీ. దిగగానే ఇటుకలను చూసింది, చెరకును చూసింది, ఎడంగా నిలబడ్డ వదినామరుదులను చూసింది. ఇది కరెంటు తనిఖీ ఒక్కటే కాదని ఆమెకు అర్థమైనట్టుంది. ముందు ఒక గ్లాసు మంచినీళ్లు అడిగి, నింపాదిగా తాగి, అప్పుడు సంచీ విప్పింది.

సిద్దిరాములు ఆగలేదు. గిర్ని నడిపించి, ఆమెను తన మీటరు ముందుకు తీసుకుపోయి నిలబెట్టాడు. కొత్తగా పెట్టిన పసుపు యంత్రం కూడా తిరుగుతోంది, షెడ్డంతా పచ్చటి దుమ్ము లేస్తోంది. అయినా మీటరు అంకె కదలడానికి బద్ధకిస్తోంది.

"సూడున్రి మేడం. గింత పెద్ద మిషను నడుస్తుంటె గింతనే తింటున్నది. నా దాంట్ల కిరికిరి లేదు. ఉన్నదంత అటు దిక్కే" అని గడ్డంతో గానుగ వైపు చూపించాడు.

భీమవ్వకు ఒళ్లు మండింది. "నీ గిర్ని గాలి తిని బతుకుతున్నదా మర్ది?" అంది.

సుమన సంచీలోంచి పటకారు లాంటి చేతి మీటరు తీసింది. దాని నోరు తెరిచి, గిర్నికి పోయే లావు తీగను నోట్లో పట్టించి మూసింది. అంకె పడింది. రెండో తీగను పట్టించింది, మూడోదాన్ని పట్టించింది. మూడూ ఇంచుమించు ఒకే అంకె చూపించాయి. ఆమె కనుబొమలు కలిశాయి. మూడు తీగల్లో పోతున్నదాన్ని లెక్క కడితే, గోడకున్న గిర్ని మీటరు చూపించేదానికి మూడింతలు ఉంది.

ఈ మాట ఆమె పైకి చెప్పగానే సిద్దిరాములు ఆమె చేతి మీటరే తప్పని అన్నాడు. గోడ మీటరు కంపెనీది, సీలు వేసి వచ్చింది, అది అబద్ధం చెప్పదు అన్నాడు.

మీటరు అబద్ధం చెప్పదు కానీ దానికి చెప్పేవాళ్లు చెప్పొచ్చు కదా అంది సుమన. అప్పుడు గిర్ని మీటరు డబ్బా తలుపు పూర్తిగా తెరిచి భీమవ్వను కూడా దగ్గరకు పిలిచింది. లోపల మూడు లావు తీగలు గోడలోని గొట్టంలోంచి ముందుకు వస్తున్నాయి. ఒక్కొక్క తీగకు ఒక్కొక్క నల్లటి కడియం తొడిగి ఉంది. కడియం నుంచి రెండేసి సన్న తీగలు మీటరుకు పోతున్నాయి.

లావు తీగలో పోయే కరెంటును ఉన్నదున్నట్టు మీటరులోకి పంపితే మీటరు మాడిపోతుందని ఆమె చెప్పింది. అందుకని తీగ చుట్టూ ఈ కడియం తొడుగుతారు. దీన్నే సీటీ అంటారు. కడియం తీగలోని రాగిని ఎక్కడా తాకదు. అయినా లోపల కరెంటు పోతుంటే ఆ ఊపుకు కడియంలో చుట్టిన సన్న తీగల్లో కూడా కరెంటు పుడుతుంది. లావు తీగలో ఎంత పోతే దానికి తగ్గ చిన్న వంతు ఇక్కడ. అది పెరిగితే ఇది పెరుగుతుంది, అది తగ్గితే ఇది తగ్గుతుంది. మీటరు ఈ చిన్నదాన్ని చూసి పెద్దదెంతో లెక్క చెబుతుంది. సబ్‌స్టేషనులో ఓల్టేజీ కూడా మీటరు ఓర్చుకోలేనంత ఉంటుంది కాబట్టి, అక్కడ దాన్ని కూడా ఇలాగే ఒక వంతుకు దించి చూపించే ట్రాన్స్‌ఫార్మర్లు వేరే ఉంటాయట.

భీమవ్వ మెల్లగా తల ఊపింది. కడాయిలో ఉడుకుతున్న పాకంలో చెయ్యి పెట్టి ఎవరూ చూడరు. గరిటె కొసన రెండు చుక్కలు తీసి గిన్నెలోని చల్లనీళ్లలో వేస్తారు. ఆ చుక్కలు ఉండ కడితే కడాయి దించొచ్చు, జారితే ఇంకా మంట పెట్టాలి. ఆమె ఆ సంగతి చెబితే సుమన ముఖం వెలిగింది.

"అంతే అవ్వా. కడియం ఇచ్చేది రెండు చుక్కలే. కాకపోతే ఆ చుక్కలు ఎప్పుడూ కడాయికి తగ్గట్టే ఉండాలె" అంది.

సిద్దిరాములుకు ఈ ముచ్చట ఏమీ రుచించలేదు. ఇంత సన్న తీగతో ఏమవుతుంది, ఇది ఉన్నా ఒకటే లేకున్నా ఒకటే, చూడున్రి అంటూ ఒక కడియం తీగను ఊడబెరకడానికి చెయ్యి పెట్టాడు. సుమన గబుక్కున అతని మణికట్టు పట్టేసింది. అంత మెత్తగా మాట్లాడే పిల్లకు అంత పట్టు ఎక్కడి నుంచి వచ్చిందో, సిద్దిరాములు చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"కాకా, గిర్ని నడుస్తున్నది. ఇప్పుడు ఆ తీగ ఊడితే నీ చెయ్యి కాలిపోతది" అంది, గొంతు పెంచకుండా.

కడియంలో పుట్టిన కరెంటు మీటరులోంచి తిరిగి మళ్లీ కడియంలోకి రావాలట. లావు తీగ ఊపు ఆగకుండానే ఆ దారి తెగితే, పోను తోవ లేక ఓల్టేజీ ఒక్కసారిగా పైకి లేస్తుందట. మంట లేచి కడియం పేలినా పేలవచ్చు, మనిషిని కొట్టినా కొట్టవచ్చు. అందుకే లావు తీగలో కరెంటు ఆపకుండా ఈ సన్న తీగల మీద ఎవరూ చెయ్యి వెయ్యరు. సిద్దిరాములు చేతిని లాగేసుకొని చొక్కాకు తుడుచుకున్నాడు, అంటుకున్నది ఏమీ లేకపోయినా. మరిది మీద అంత కోపం ఉండి కూడా, ఆ చెయ్యి తన కొడుకు చెయ్యి అన్నట్టే అదిరిపడింది భీమవ్వ.

సుమన గోడ మీటరుకున్న చిన్న బటన్ నొక్కింది. ఆ బటన్ అక్కడ ఉందని ఇద్దరికీ తెలుసు, ఇంతవరకూ ఎవరూ నొక్కింది లేదు. నొక్కినప్పుడల్లా ఒక్కొక్క తీగది విడివిడిగా కనిపించింది. మొదటిది బాగానే ఉంది. రెండోది బాగానే ఉంది. మూడోదాని ముందు ఒక చిన్న అడ్డగీత.

"మైనస్" అంది సుమన. ఆమె పెదవుల మీద నవ్వు తిరిగింది. మూడో కడియం తలకిందులుగా చెబుతోందట. రెండు కడియాలు కరెంటు లోపలికి వచ్చిందని చెబుతుంటే, ఇది మాత్రం బయటికి పోయిందని చెబుతోంది. వచ్చిన రెండింట్లోంచి మీటరు పోయినదాన్ని తీసేసింది. మిగిలింది ఒకటి. గిర్ని మూడు పాళ్లు తింటే మీటరు ఒక పాలే చూపించింది.

ఆమె గిర్ని ఆపించి, ప్రధాన స్విచ్చి దింపించి, కరెంటు లేదని చేతి మీటరుతో చూసుకొని, టార్చి వేసి కడియాలను దగ్గరగా చూసింది. ప్రతి కడియానికీ ఒక ముఖం మీద గుర్తు అచ్చువేసి ఉంటుంది. కరెంటు వచ్చే వైపుకు, అంటే ఇక్కడ గోడవైపుకు, ఆ ముఖం ఉండాలి. రెండు కడియాల గుర్తు గోడవైపే ఉంది. మూడోదాని గుర్తు మాత్రం మనుషుల వైపు తిరిగి ఉంది. ఆ గుర్తు మీద ఎండిపోయిన కుంకుమ బొట్టు.

మిగిలిన రెంటికీ బొట్టు ఉంది. కానీ వాటికి గుర్తులేని ముఖం మీద ఉంది.

వీటిని ఎవరు విప్పారని అడిగింది సుమన. సిద్దిరాములు చాలాసేపు ఇటుకల వైపు చూశాడు, మేస్త్రీ వైపు చూశాడు. మేస్త్రీ చాయ్ గ్లాసులోకి చూసుకున్నాడు. చివరికి సిద్దిరాములే నోరు విప్పాడు. దసరాకు తనే విప్పాడట. కారం దుమ్ము పట్టి ఉంటే, కరెంటు ఆపి, కడియాలు తీసి, గుడ్డతో తుడిచి, రెంచీలూ సుత్తీ బెల్టులతో పాటు ఆయుధ పూజ తాంబాళంలో పెట్టాడట. మళ్లీ తొడిగేటప్పుడు గుర్తు గోడవైపు ఉండాలని తనకు తెలుసట. మీటరు బిగించిన కరెంటు మిస్త్రీ ముందే చెప్పి ఉన్నాడట. మొదట అలాగే తొడిగాడట కూడా.

"మరి మళ్లీ ఎందుకు తిప్పినవ్ కాకా?"

సిద్దిరాములు భీమవ్వ వైపు చూడకుండా చెప్పాడు. "గట్ల తొడిగితే గీ ఒక్కదాని బొట్టు గోడ దిక్కు వోయింది మేడం. వదినె పెట్టిన బొట్టు గోడకు మొకం జేసి ఎట్ల పెడ్త? రింగు రింగే గద, ఎటు తిప్పితె ఏమైతది అనుకున్న."

భీమవ్వకు ఆ దసరా కళ్ల ముందు నిలిచింది. అంతకు ముందంతా భర్తా తనూ కూర్చొని చేసిన పూజ అది. ఆయన పోయాక తాంబాళం ముందు కూర్చోవడానికి ఆమె వెనకాడింది. చుట్టాల్లో ఒకరిద్దరు గొణిగారు కూడా, బొట్టు పెట్టవలసిన చెయ్యి అది కాదని. అప్పుడు సిద్దిరాములు ఎవరితోనూ వాదించలేదు. కుంకుమ గిన్నె తెచ్చి వదినె చేతిలో పెట్టి, గిర్నికి పెద్ద ఆమెనే, ఆమె పెట్టినాకనే బెల్టు తిరుగుతుందని చెప్పి చేతులు కట్టుకొని నిలబడ్డాడు. ఆమె ఒక్కొక్క సామానుకూ వరసగా బొట్టు పెట్టుకుంటూ పోయింది. నల్లటి కడియాలకు ఏ పక్క ముఖమో, ఏ పక్క వీపో ఆమెకేం తెలుసు. చేతికి ఎటు అందితే అటు పెట్టింది.

తనను దొంగ అన్న నోరూ, తన బొట్టును గోడవైపు తిప్పలేకపోయిన చెయ్యీ ఒక్క మనిషివే. ఆ మనిషిని తిట్టాలో నవ్వాలో తెలియక భీమవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెట్టుకున్నా నవ్వు ఆగలేదు.

"నీ భక్తి సల్లగుండ! నన్ను దొంగను జేసింది గా బొట్టేనార?"

సిద్దిరాములు తల గోక్కున్నాడు. తప్పయిందని నోటితో అనలేదు. ఆ ఇంటి మగవాళ్లకు ఆ మాట తొందరగా రాదు. రుమాలు కొస ముడి విప్పి, తాళంచెవి తీసి, వదినె అరచేతిలో పెట్టాడు. ఆమె తీసుకుంది. ఆ లెక్క అంతటితో సరి.

కడియాన్ని సుమన దగ్గరుండి సిద్దిరాములు చేతనే సరిగ్గా తిప్పించింది. బొట్టు గోడవైపు పోయింది. అతను మరలు బిగిస్తూ దాన్నే చూస్తున్నాడు, బిగించాలా వద్దా అన్నట్టు. భీమవ్వ గిర్ని కింద రాలిన పసుపును వేలికి అద్దుకొని వచ్చి, ఇవతలి ముఖం మీద కొత్త బొట్టు పెట్టింది. ఇంజనీరమ్మ అభ్యంతరం చెబుతుందేమోనని తల ఎత్తి చూసింది. బొట్టు ఎన్నయినా పెట్టుకోవచ్చు, కడియాన్ని మాత్రం తిప్పొద్దంది సుమన.

గిర్ని నడిపిస్తే ఈసారి మీటరు అంకె చకచకా లేచింది. లోడు దాటించింది ఎవరో కూడా దాంతో తేలిపోయింది. కొత్త పసుపు యంత్రానిది పెద్ద మోటారు. అదీ గానుగా ఒకేసారి తిరిగితే ఒప్పుకున్నదానికి మించుతోంది. అదనపు లోడుకు దరఖాస్తు పెట్టుకోమని, అది వచ్చేదాకా పొద్దున గానుగ, మధ్యాహ్నం తర్వాత గిర్ని నడుపుకోమని సుమన చెప్పింది. వదినా మరిదీ ఒకరి ముఖం ఒకరు చూసుకొని సరేనన్నారు. సిద్దిరాములు మేస్త్రీని పిలిచి, ఇటుకలు ఉంటే ఉండనీ, దారం మాత్రం చుట్టెయ్యమన్నాడు. దేవన్న ఎవరూ చెప్పకముందే మొదటి చెరకు మోపు విప్పాడు.

గానుగ తిరిగింది. పచ్చటి రసం కుండ మూతికి కట్టిన గుడ్డ మీద నురగ కక్కుతూ పడింది. భీమవ్వ అందరికీ రసం వంచింది. మేస్త్రీ చాయ్ మీదనే రసం కూడా తాగాడు. ఆమె కొడుకు మహేందర్ అమ్మకానికి బెల్లం అచ్చులు వేసుకొని నిజామాబాద్ పోయి ఇంకా రాలేదు. వాడుంటే బాగుండేది, బాబాయి తాళం ఇచ్చిన తీరు చూసి నవ్వేవాడు అనుకుంది.

సుమన ఒక్కతే నవ్వడం లేదు. గ్లాసు చేతిలో పట్టుకొని లోపలికీ బయటికీ తిరుగుతోంది. గానుగ మీటరు చూసింది, గిర్ని మీటరు చూసింది, స్తంభం దగ్గరకు పోయి బయటి మీటరు చూసింది. వచ్చి, గానుగ కూడా ఆపండి అంది.

గానుగ ఆగింది. గిర్ని అప్పటికే ఆగి ఉంది. రసం చుక్కలు పడే చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. షెడ్డులో బల్బు కూడా వెలగడం లేదు.

స్తంభం మీటరు మీద చిన్న ఎర్ర దీపం మాత్రం మిణుకుమంటూనే ఉంది. మిణుకు, కాస్త ఆగి మళ్లీ మిణుకు.

"ఇంకా కొంచెం పోతున్నది" అంది సుమన. "మీ ఇద్దరి మీటర్లల్ల పడకుండ."

సిద్దిరాములు భీమవ్వ వైపు చూశాడు. ఈసారి ఆ చూపులో నింద లేదు, భయం ఉంది. దొంగ తీగ అన్న మాట తన నోట్లోంచే వచ్చింది మరి. భీమవ్వ తలమీద ఒట్టు పెట్టుకోబోయింది, ఆమెను ఆపి అతనే ముందు నడిచాడు. సుమన పటకారు మీటరును ఒక్కొక్క తీగకూ పట్టిస్తూ పోయింది. స్విచ్చి బోర్డు వెనక, రెండు మీటర్లకూ ముందే, ఒక నల్ల తీగ చీలి ఉంది. కొత్త తీగ. శుభ్రంగా, తెలిసిన చేతితో అతికించింది. అది గోడ వెంట దిగి, రేకుల కింద నుంచి, చెరకు పిప్పి కుప్ప చాటుగా, షెడ్డు వెనక గదికి పోయింది. పాత అచ్చు చెక్కలు పడేసే గది అది. భీమవ్వ అందులోకి పోయి ఏడాది అయింది. బయట గొళ్లెం తీసే ఉంది, తలుపు మాత్రం లోపల గడియ పెట్టి ఉంది.

ఆమె చెప్పులు విడిచి గుమ్మం దగ్గర నిలబడింది. ఎండ నడినెత్తిన ఉంది. అయినా తలుపు కింది సందులోంచి చల్లటి గాలి వచ్చి ఆమె పాదాలను తాకింది. తడిసిన గడ్డి వాసన. లోపల ఏదో యంత్రం సన్నగా ఝుమ్మంటోంది.

సిద్దిరాములు తలుపు మీద వేలి కణుపులతో కొట్టాడు.

లోపల అడుగుల చప్పుడు దగ్గరకు వచ్చింది. "వచ్చినవా మహేందరన్నా? జెల్ది లోపలికి రా, చలి పోతది. మా బాపు సూడలేదు గద?"

సిద్దిరాములు చెయ్యి తలుపు మీదే ఉండిపోయింది. పొద్దున తను స్వయంగా నిజామాబాద్ కాలేజీ బస్సు ఎక్కించి వచ్చిన తన బిడ్డ సంజన గొంతు అది.

లోపల గడియ తీస్తున్న చప్పుడైంది.